ముహూర్తం డిసెంబర్‌లో ఉంది, ఇప్పుడే రిజిస్టర్ చేసి ఐ-130 వేసేయాలా, ఆగాలా?

మార్గశిరం_వరుడు

నమస్తే అందరికీ. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి, ఇప్పుడు నా దాకా వచ్చింది కాబట్టి రాస్తున్నా. నాన్నగారి ఈబీ-2 (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డ్) కేసులో నాకూ గ్రీన్ కార్డ్ వచ్చింది, 21 నిండటానికి నాలుగు నెలల ముందు, అదో పెద్ద టెన్షన్ కథ. కార్డ్ చేతికొచ్చి ఇప్పటికి మూడేళ్ళ పది నెలలు. మొన్న జూన్‌లో నిశ్చితార్థం అయింది. అమ్మాయిది గుంటూరు జిల్లా, హైదరాబాద్‌లో ఉద్యోగం. వెంటనే పెళ్ళి చేసేద్దామంటే ఆషాఢం అడ్డొచ్చింది, తర్వాత మూఢం అన్నారు, అది దాటాక మా ఇద్దరి నక్షత్రాలకీ కుదిరే ముహూర్తం డిసెంబర్‌లో గానీ లేదట.

ఇప్పుడు మా కాబోయే మావగారికి ఎవరో చెప్పారు, నేను ఇండియాలో ఉండే ఈ పదిహేను రోజుల్లో రిజిస్టర్ మ్యారేజ్ చేయించి ఐ-130 (భార్య గ్రీన్ కార్డ్ కోసం వేసే పిటిషన్) వేసేస్తే ఐదు నెలలు కలిసొస్తాయని. పెళ్ళి ఎలాగూ చేస్తున్నాం కదా, కాగితం ముందు వస్తే తప్పేంటి అంటున్నారు. మా అమ్మకి ఇష్టం లేదు. నాన్న మాత్రం "ఐదు నెలలంటే ఐదు నెలలేరా" అంటున్నారు. గ్రీన్ కార్డ్ వాళ్ళ భార్యలకి ఎఫ్2ఏ క్యూ ఉందని, ఫైల్ చేసిన రోజే ప్రయారిటీ డేట్ (క్యూలో మన చోటు చెప్పే తేదీ) అని నాకు తెలుసు, అందుకే మనసు లాగుతోంది. ఏజెంట్ ఒకాయన "గుళ్ళో పెళ్ళయినట్టు రాయిస్తాం, దండలతో రెండు ఫొటోలు దిగండి చాలు" అన్నాడు. ఇలా చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? తర్వాత ఏమైనా ఇబ్బంది వచ్చిందా?

డాలస్_బాబాయ్

తమ్ముడూ, దీనికి ఇంత ఆలోచన ఎందుకు, చేసెయ్. 2016లో మేం చేసింది అదే. అప్పటికి నాదీ గ్రీన్ కార్డే. గుళ్ళో దండలు మార్చుకున్నాం, సర్టిఫికెట్ తీసుకున్నాం, ఫైల్ చేశాం, నాలుగు నెలల తర్వాత మావాళ్ళు ఫంక్షన్ హాల్లో వెయ్యి మందికి భోజనాలు పెట్టి ఘనంగా చేశారు. ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. అమెరికా వాడికి కావాల్సింది మ్యారేజ్ సర్టిఫికెట్, మన పంచాంగం కాదు. ముహూర్తం కోసం కూర్చుంటే వాడి క్యూ నీకోసం ఆగుతుందా?

పేపర్‌పులి

బాబాయ్ గారి మీద గౌరవంతోనే చెప్తున్నా, ఇది చాలా ప్రమాదమైన సలహా. ఆయనకి ఏమీ కాలేదు అంటే ఎవరూ గమనించలేదని, అంతే.

హిందూ వివాహ చట్టం 1955 కింద రిజిస్ట్రేషన్ అంటే, జరిగిన పెళ్ళిని నమోదు చేయడం. సెక్షన్ 8 పని అదే. పెళ్ళిని పుట్టించేది సెక్షన్ 7లో చెప్పిన తంతు: మీ ఆచారం ప్రకారం జరగాల్సినవి, సప్తపది ఉన్నచోట సప్తపది. ఆ తంతు లేకుండా సర్టిఫికెట్ ఒక్కటి తెచ్చుకుంటే అది పెళ్ళి కాదని 2024 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది. అంతేకాదు, విదేశీ వీసాకి అప్లై చేయడానికి టైమ్ కలిసొస్తుందని తల్లిదండ్రులు ముందే రిజిస్టర్ చేయించి అసలు పెళ్ళి తర్వాత పెట్టుకోవడం ఎక్కువవుతోందని, అది మానుకోవాలని కూడా అదే తీర్పులో ఉంది. అంటే మీ మావగారికి వచ్చిన ఐడియా సుప్రీం కోర్టు దాకా వెళ్ళి తిట్లు తిని వచ్చింది.

ఇక అమెరికా వైపు చూద్దాం. పెళ్ళి చెల్లుతుందా లేదా అన్నది యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ) వాళ్ళు ఆ పెళ్ళి జరిగిన చోటి చట్టం బట్టి చూస్తారు. ఐ-130 వేసిన రోజుకి పెళ్ళి అయి ఉండాలి. జులైలో వేసిన పిటిషన్‌ని డిసెంబర్ పెళ్ళి కాపాడలేదు. అది తేలితే పిటిషన్ పోతుంది, దాంతో ప్రయారిటీ డేట్ పోతుంది, మళ్ళీ డబ్బు కట్టి మొదటి నుంచి. ఐదు నెలలు మిగుల్చుకుందామని వెళ్ళి రెండేళ్ళు పోగొట్టుకోవడం అంటే ఇదే. పైగా జరగని తంతు జరిగిందని రాయించారంటే అబద్ధం చెప్పారన్న మచ్చ ఒకటి, అది జీవితాంతం ఫైల్లో ఉంటుంది.

డాలస్_బాబాయ్

అమ్మో, సుప్రీం కోర్టు! అమెరికాలో కూర్చున్న ఆఫీసర్ మన కోర్టు తీర్పులు చదువుకుంటూ కూర్చుంటాడా? ప్రభుత్వ ముద్ర ఉన్న సర్టిఫికెట్ ఇస్తే తీసుకుంటాడు. అయినా మాకు గుళ్ళో దండలు మార్పించింది పూజారిగారే, మంగళసూత్రం కూడా కట్టించారు, పదిమంది అక్షింతలు వేశారు. అబద్ధం ఎక్కడుంది?

పేపర్‌పులి

చూశారా, ఇప్పుడు అసలు మాట చెప్పారు. మీకు గుళ్ళో నిజంగానే పెళ్ళయింది, చిన్నదే అయినా. ఫంక్షన్ హాల్లో జరిగింది రెండోసారి. మీ ధైర్యం వేరు, ఈ అబ్బాయికి ఏజెంట్ చెప్తున్నది వేరు. ఏజెంట్ చెప్పేది రెండు ఫొటోలు, ఒక తేదీ, అంతే. మీరు చేసినట్టు నిజంగా గుళ్ళో తాళి కట్టి ఆ తేదీనే అన్నిచోట్లా రాస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ అప్పుడు పెళ్ళి తేదీ అదే, ఇంక డిసెంబర్‌ది పెళ్ళి అని ఎక్కడా అనకూడదు, శుభలేఖ మీద కూడా. వాళ్ళమ్మ ఒప్పుకుంటుందా?

ఉప్పాడ_జరీ

ఈ తేదీల గొడవ మా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెప్తాను. మా వారు సిటిజన్. మాది సరిగ్గా ఏజెంట్ రకం పెళ్ళి. ఫలానా తేదీన ఫలానా గుళ్ళో పెళ్ళయిందని రాయించి రిజిస్టర్ చేశారు, నిజానికి ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను, సాయంత్రం సంతకానికి మాత్రం వెళ్ళాను. పెళ్ళి మూడు నెలల తర్వాత, బంధువులందరి మధ్య. ఐ-130 అప్రూవ్ అయింది, ఎన్‌వీసీ (అప్రూవ్ అయ్యాక వీసా కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్) దాటింది, అంతా సాఫీ. ఇంటర్వ్యూలో ఆఫీసర్ చాలా మర్యాదగానే, తెలుగులోనే, "మీ పెళ్ళి ఎప్పుడైందండీ?" అని అడిగారు. నా నోట్లోంచి టక్కున అసలు పెళ్ళి రోజు వచ్చేసింది. మనిషికి పెళ్ళిరోజు అంటే ఏది గుర్తొస్తుంది చెప్పండి. చేతిలో ఉన్న సర్టిఫికెట్ చూసి, నన్ను చూసి, ఆల్బమ్ అడిగారు. మొదటి పేజీలోనే బంగారు అక్షరాలతో తేదీ అచ్చేసి ఉంది, మా ఫొటోగ్రాఫర్ చేతిపని.

221(జి) కాగితం, అంటే వీసా ప్రస్తుతానికి ఆపామనే నోటీసు, చేతిలో పెట్టి పంపించారు. గుడి వాళ్ళ రికార్డు తెమ్మన్నారు, లేని రికార్డు ఎక్కణ్ణుంచి తెస్తాం? మా వారు లీవు పెట్టి వచ్చి అఫిడవిట్లు, లాయర్ లెటర్, రెండు కుటుంబాల సంతకాలు... చివరికి వీసా వచ్చింది కానీ పదకొండు నెలలు పోయాయి. ఆ పదకొండు నెలలూ రాత్రుళ్ళు నేనొకటే అనుకునేదాన్ని, ఆ ఆల్బమ్ ఎందుకు తీసుకెళ్ళానా అని. తీసుకెళ్ళకపోయినా నా నోరు ఉంది కదా.

ఇంతకీ తమ్ముడూ, మీ నాన్న, అమ్మ, మావగారు, ఏజెంట్ అందరి మాటా రాశావు. అమ్మాయి ఏమంటోంది?

బస్తీ_బ్రో

బ్రో ఇంత లొల్లి ఎందుకు, కే-1 ఫియాన్సీ వీసా వేస్తే అయిపాయె కదా, పెళ్ళి కాకముందే వేయొచ్చు.

పేపర్‌పులి

కే-1 సిటిజన్లకే బ్రో. ఆయనది గ్రీన్ కార్డ్. సిటిజన్ అయినా కే-1 అంటే అమెరికా వచ్చాక 90 రోజుల్లో అక్కడ పెళ్ళి, ఆ తర్వాత స్టేటస్ మార్చుకోవడానికి మళ్ళీ ఇంకో ఫైలు, ఇంకో ఫీజు. గుంటూరులో పీటల మీద కూర్చునేవాళ్ళకి అది పనికిరాదు.

కచేరీ_అరుగు

నేను అమెరికాలో లేను, ఆంధ్రాలోనే దస్తావేజులు రాసుకుంటూ బతికేవాణ్ణి. ఇలాంటి జంటలు నెలకి ఇద్దరు ముగ్గురు వస్తారు మా దగ్గరికి. తంతు లేకుండా చట్టబద్ధంగా పెళ్ళి కావాలంటే దారి ఉంది, ప్రత్యేక వివాహ చట్టం 1954. అందులో సబ్ రిజిస్ట్రార్ ముందు సంతకమే పెళ్ళి, పురోహితుడు అక్కర్లేదు, ముగ్గురు సాక్షులు చాలు. కానీ ముందు నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు, 30 రోజులు ఆగాలి, అభ్యంతరాలు రాకపోతే పెళ్ళి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు చేసుకోకపోతే మళ్ళీ నోటీసే.

అంటే పదిహేను రోజుల్లో అయ్యే పని కాదు. ఇప్పుడు నోటీసు ఇచ్చి వెళ్ళిపోయి సెప్టెంబర్‌లో ఇంకోసారి రావాలి. రావడానికి సిద్ధమైతే అది నిఖార్సయిన పెళ్ళి, అమెరికా వాళ్ళ దగ్గర కూడా చెల్లుతుంది. ఇంకో సంగతి, మా ఆఫీసు బోర్డు మీద పేర్లు చూసి పెద్దవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను. పారిపోయి చేసుకునేవాళ్ళ పేర్ల పక్కన మన పిల్ల పేరా అని.

ఇద్దరు_కూతుళ్ళ_నాన్న

అమ్మాయి తండ్రిగా ఒక మాట. అందరూ పిటిషన్ కోణంలోనే మాట్లాడుతున్నారు. జులైలో కాగితం మీద పెళ్ళయి, డిసెంబర్ లోపు కట్నాల దగ్గరో మాటల దగ్గరో సంబంధం చెడితే? నిశ్చితార్థం అయితే ఉంగరం వెనక్కి ఇచ్చి దండం పెట్టి వచ్చేస్తాం. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళయ్యాక ఏడాది దాటేవరకు విడాకుల పిటిషనే వేయడానికి లేదు, కోర్టు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప. మా తోడల్లుడి కూతురికి ఇదే అయింది. ఒక్క రోజు కాపురం చేయని పిల్ల ఇప్పుడు ప్రతి సంబంధంలోనూ డైవోర్సీ. వీసా ఐదు నెలలు లేటైతే కొంపలేం మునగవు. ఈ విషయంలో బాబుగారి తల్లిగారి మాటే కరెక్టని నా అభిప్రాయం.

డాలస్_బాబాయ్

అయ్యా, చెడిపోయే సంబంధం తాళి కట్టాక కూడా చెడుతుంది. మీరు భయంతో మాట్లాడుతున్నారు. భార్య అక్కడ, భర్త ఇక్కడ రెండేళ్ళు వాట్సాప్‌లో కాపురం చేయడం ఎలా ఉంటుందో చేసినవాళ్ళకి తెలుసు. మాకు మొదటి దసరా, మొదటి సంక్రాంతి, మొదటి పెళ్ళిరోజు అన్నీ ఫోన్లోనే. ఐదు నెలలు ఆయనకి చిన్నవి, ఆ పిల్లలకి కాదు.

మార్గశిరం_వరుడు

అందరికీ థాంక్స్. ఉప్పాడ_జరీ అక్కా, మీరు అడిగేదాకా నాకు తట్టనే లేదు, సిగ్గుగా ఉంది. నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగా. తను చెప్పింది ఇదీ: "ఎవరైనా పెళ్ళెప్పుడని అడిగితే నేను ఆలోచించి చెప్పాల్సి రాకూడదు." మీ కథ నేను ఇంకా చెప్పనేలేదు తనకి.

కానీ డాలస్ బాబాయ్ గారు అన్నది కూడా నిజమే, దూరంగా ఉండాల్సింది మేమిద్దరమే. అందుకే లెక్క అర్థం చేసుకోవాలనుకుంటున్నా. డిసెంబర్‌లో వేస్తే నిజంగా ఎంత పోతుంది? ఎఫ్2ఏలో ఇండియా వాళ్ళకి పదేళ్ళ క్యూ ఉంటుందని ఇంకొకరు భయపెట్టారు. సిటిజన్‌షిప్ వచ్చేదాకా ఆగి అప్పుడే వేయమని మా కజిన్ అంటున్నాడు. ఇంకోటి, తన బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీ. తల్లి పేరు, తండ్రి పేరు, ఆడశిశువు, అంతే. టెన్త్ మెమోలో పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరమే, పాస్‌పోర్ట్‌లో పూర్తి ఇంటిపేరు.

పేపర్‌పులి

లెక్కకి వస్తా. ముందు ఆ పదేళ్ళ క్యూ మాట మర్చిపో. అది ఈబీ కేటగిరీల భయం, మీ నాన్నగారి రోజుల నుంచి మన బుర్రల్లో పాతుకుపోయింది. ఎఫ్2ఏలో సంఖ్యల్లో 75 శాతానికి దేశం కోటా వర్తించదు, అందుకే ఇండియా తేదీ దాదాపు ఎప్పుడూ మిగతా దేశాల తేదీతోనే నడుస్తుంది. 2019 జులై నుంచి చాలాకాలం కరెంట్‌లోనే, అంటే క్యూ లేకుండానే ఉంది, 2023 ఏప్రిల్‌లో వెనక్కి వెళ్ళింది. అప్పటి నుంచి వీసా బులెటిన్ (క్యూ ఎక్కడిదాకా వచ్చిందో నెలనెలా చెప్పే ప్రకటన) చూడాల్సిందే.

ఇక నీ కేసు. కార్డ్ వచ్చిన ఐదేళ్ళకి 90 రోజుల ముందే ఎన్-400 (సిటిజన్‌షిప్ అప్లికేషన్) వేయొచ్చు, అంటే ఇంకో పదకొండు నెలల్లో. నువ్వు ప్రమాణం చేసిన రోజే నీ భార్య ఎఫ్2ఏ నుంచి సిటిజన్ భార్య కేటగిరీకి మారుతుంది, క్యూ అనేదే ఉండదు. కొత్త ఐ-130 అక్కర్లేదు, ఉన్నదే మారుతుంది. ఫైలు అప్పటికి ఎక్కడుంటే అక్కడికి, యూఎస్‌సీఐఎస్‌కో ఎన్‌వీసీకో, నీ సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ కాపీ పంపడమే. అందుకే మీ కజిన్ మాట తప్పు. ఆగితే లాభం ఏమీ లేదు, ఐ-130 ఆమోదానికే ఏడాది దాటుతున్న రోజుల్లో ఆ ఏడాది ముందే నడవనివ్వాలి. పెళ్ళి అయిన మర్నాడే వేయాలి, కానీ పెళ్ళి అయ్యాకే వేయాలి. ఒక్క జాగ్రత్త, పెళ్ళి పేరుతో ఒకే విడతలో ఆరు నెలలు దాటి ఇండియాలో ఉన్నావంటే నీ ఐదేళ్ళ లెక్కకే ఎసరు. ఇంకోటి, ఈలోపు పిల్లలు పుడితే ఎఫ్2ఏలో తల్లితో పాటు వస్తారు కానీ సిటిజన్ భార్య కేటగిరీలో రారు, వాళ్ళకి వేరే చూసుకోవాలి. నీకు ఇప్పుడే అక్కర్లేదనుకో, చదివే వేరేవాళ్ళ కోసం రాశా.

కాబట్టి జులైకీ డిసెంబర్‌కీ తేడా మహా అయితే ఐదు నెలలు. అదే తప్పు కాగితంతో ఒక్క ఆర్‌ఎఫ్‌ఈ (ఇంకా ఆధారాలు పంపమనే నోటీసు) వచ్చిందంటే, జవాబివ్వడానికి నీకు 84 రోజులు ఇస్తారు, ఆ జవాబు తీసి చూడ్డానికి వాళ్ళకి ఎన్నాళ్ళు పడుతుందో వాళ్ళిష్టం. ఆ ఐదు నెలలు అక్కడే ఆవిరి.

డిసెంబర్‌లో మన వాళ్ళు ఎక్కువగా టైమ్ పోగొట్టుకునేది ఎక్కడో చెప్తా. మూడు వారాల లీవులో వస్తారు. పెళ్ళి, వ్రతం, మనుగుడుపులు, తిరుపతి, అత్తగారి ఊరు, ఇంకో ఊరు, ఫ్లైటెక్కేస్తారు. రిజిస్ట్రేషన్‌కి ఇద్దరూ ఉండాలని అక్కడికెళ్ళాక గుర్తొస్తుంది. అందుకని వ్రతం ఏ రోజో రాసుకున్నట్టే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రోజు కూడా ఇప్పుడే రాసి పెట్టుకో. శుభలేఖ, పీటల మీద ఫొటోలు, ఆధార్లు, టెన్త్ మెమోలు, సాక్షులు. సర్టిఫికెట్ ప్రింట్ అయ్యే ముందు స్క్రీన్ మీద అక్షరం అక్షరం చదువు, మొహమాటపడకు. ఆ పిల్ల పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే, తేదీ ముహూర్తం తేదీయే. తెల్లవారుజాము ముహూర్తమైతే తేదీ మారిందా లేదా అన్నది కూడా చూసుకో, మన శుభలేఖల్లో "తెల్లవారితే గురువారం" అని రాసి కొంపలు ముంచుతారు. ఆ రాత్రే ఆన్‌లైన్‌లో 625 డాలర్లు కట్టి వేసెయ్, కాగితం మీద అయితే 675.

కచేరీ_అరుగు

బర్త్ సర్టిఫికెట్ సంగతి నేను చెప్తా. పేరు గడి ఖాళీ అంటే భయపడకండి, రికార్డు ఉంది కదా, సగం పని అయినట్టే. పేరు ఎక్కించడానికి పుట్టిన చోటి మున్సిపాలిటీకో పంచాయతీకో అర్జీ, దానికి టెన్త్ మెమో, తల్లిదండ్రుల ఆధార్, అఫిడవిట్. అసలు రికార్డే లేనివాళ్ళకి కష్టం, మీ సేవలో లేట్ రిజిస్ట్రేషన్ పెడితే ఆర్డీవో దాకా వెళ్తుంది. ఆసుపత్రి పేరు, అప్పటి చిరునామా మీ అత్తగారికి గుర్తుంటే రాసి పెట్టమనండి, ఆ రోజుల్లో పుట్టింటి ఊళ్ళో పుట్టి ఉంటే వెతకాల్సింది అక్కడ, మావగారి ఊళ్ళో కాదు. ఈ పొరపాటుతో మూడు నెలలు తప్పు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళున్నారు.

పేపర్‌పులి

అవును. ఐ-130తో పాటు ఆమె బర్త్ సర్టిఫికెట్ అడగరు, అది ఎన్‌వీసీ దగ్గర కావాలి. కాబట్టి దాని కోసం పిటిషన్ ఆపొద్దు, కానీ పని ఇప్పుడే మొదలుపెట్టు. అలాగే పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) మాత్రం ఇప్పుడే తీయొద్దు, ముందే తీస్తే గడువు అయిపోయి మళ్ళీ పాస్‌పోర్ట్ సేవా కేంద్రం లైన్లో నిలబడాలి. మెడికల్ కూడా ఇంటర్వ్యూ తేదీ వచ్చాకే. ఎక్స్‌రేలో మచ్చ కనిపించి కళ్ళె పరీక్షకి పంపారంటే కల్చర్‌కి ఎనిమిది వారాలు పడుతుంది, చిన్నప్పుడు టీబీ మందులు వాడినవాళ్ళు పాత కాగితాలు దగ్గర పెట్టుకోండి.

ఖాళీగడి

ఇంటిపేరు దగ్గర నా మాట వినండి. నా పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ, పేరంతా కలిపి ఒకే గడిలో రాసేశారు. అమెరికా వీసాలో మొత్తం పేరు సర్‌నేమ్ అయిపోయింది, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్. బ్యాంకు ఆమె "హలో ఫ్నూ" అని పిలిచేది, రెండేళ్ళు పలికాను ఆ పేరుకి. మా ఆవిడ ఐ-130లో నా పేరు ఒకలా, సర్టిఫికెట్‌లో ఒకలా ఉందని ఆర్‌ఎఫ్‌ఈ. ఇండియా పాస్‌పోర్ట్ మార్పించి, ఇక్కడి కార్డులు మార్పించి... వద్దులెండి. పెళ్ళయ్యాక భార్య ఇంటిపేరు మార్చాలని, పాస్‌పోర్ట్‌లో భర్త పేరు ఎక్కించాలని పెద్దవాళ్ళు హడావుడి చేస్తారు. అవేవీ వీసాకి అక్కర్లేదు. కేసు నడుస్తుండగా పేరు మార్చడం అంటే నడుస్తున్న బస్సు టైరు మార్చడమే.

బస్తీ_బ్రో

లాయర్ పెట్టుకోవాల్నా మరి? రెండు వేల డాలర్లు అడుగుతున్నరు.

ఉప్పాడ_జరీ

మాలాంటి మెలిక ఉంటే పెట్టుకోండి. మామూలు పెళ్ళి, మామూలు జీతం, పాత కేసులేమీ లేకపోతే అక్కర్లేదు. లాయర్ ఆఫీసులో మన ఫారం నింపేది కూడా ఇంకో కుర్రాడే, మన ఊరి పేరు స్పెల్లింగ్ వాడికంటే మనకే బాగా తెలుసు. మా వారిది లాయరే నింపారు, నా పుట్టిన ఊరు జిల్లా తప్పు రాశారు.

డాలస్_బాబాయ్

సరే, నేను ఒప్పుకున్నట్టు కాదు కానీ, డిసెంబర్‌కే ఫిక్సయితే ఒకటి గుర్తుపెట్టుకో తమ్ముడూ. ఐ-864 స్పాన్సర్ ఫారానికి పేదరిక రేఖకి 125 శాతం ఆదాయం చూపించాలి. నువ్వు కుర్రాడివి, ఉద్యోగం కొత్తదైతే నాన్నగారిని జాయింట్ స్పాన్సర్‌గా అడిగిపెట్టుకో, చివర్లో అడిగితే మీ నాన్న ట్యాక్స్ కాగితాలు ఎక్కడున్నాయో ఆయనకే తెలియదు. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) ట్రాన్స్‌క్రిప్ట్ తీస్తే సరిపోతుంది. ఇంకోటి, ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అనుకుంటారు చాలామంది, కాదు, ఇమ్మిగ్రెంట్ వీసాకి ముంబై వెళ్ళాలి. మావాళ్ళు గచ్చిబౌలిలో హోటల్ బుక్ చేశారు అప్పట్లో, సారీ, బేగంపేటలో, అప్పుడు కాన్సులేట్ అక్కడ ఉండేది.

అలాగే ఈలోపు విజిటర్ వీసా మీద ఓసారి పిలిపించుకుందామని ఆశ పెట్టుకోకు. ఇమ్మిగ్రెంట్ పిటిషన్ ఉందా అని విజిటర్ వీసా ఫారం డీఎస్-160లోనే అడుగుతారు. అవును అని రాయాలి, రాస్తే కష్టం. దాచావంటే నేను కూడా కాపాడలేను, ఈ విషయంలో నేనూ పేపర్‌పులీ ఒకటే పార్టీ.

మార్గశిరం_వరుడు

చివరి అప్‌డేట్. ఏజెంట్‌కి వద్దని చెప్పేశాం. అడ్వాన్స్ మూడు వేలు ఇచ్చారట మావగారు, అవి తిరిగి రావు. ఆయనకి కొంచెం కోపం వచ్చింది. ఉప్పాడ అక్క రాసింది మొత్తం చదివి వినిపించాక "ఆ ఆల్బమ్ మీద డేటు..." అని ఆగిపోయారు, ఇంకేమీ అనలేదు.

తను పుట్టింది వాళ్ళ అమ్మమ్మగారి ఊళ్ళోనట, ఇన్నాళ్ళూ అందరూ వేరే మున్సిపాలిటీ అనుకున్నారు. సోమవారం అత్తయ్య వెళ్తున్నారు, ఆసుపత్రి ఇప్పుడు లేదు, షాపింగ్ కాంప్లెక్స్ అయిపోయింది, కానీ పంచాయతీ రిజిస్టర్ ఉందన్నారు. డిసెంబర్ ముహూర్తం రాత్రి 2:47కి. కచేరీ_అరుగు గారూ, సర్టిఫికెట్‌లో తేదీ ముందు రోజుదా, తర్వాత రోజుదా?

కచేరీ_అరుగు

అర్ధరాత్రి పన్నెండు దాటితే తర్వాతి రోజు బాబూ. శుభలేఖ అచ్చుకి ఇచ్చే ముందు నాకు ఒకసారి చూపించు.